పళ్లతో వినే మిస్త్రీ

కొండగట్టు కింద కార్లు ఆపే చోట ఉండగా ఫోను వచ్చింది. కిరాయికి వచ్చిన కుటుంబాన్ని దర్శనానికి పంపి, సీటు వెనక్కి వాల్చుకొని కళ్లు మూసుకున్నాను. ఆదిలాబాద్ నుంచి, మిస్త్రీ కోడలు.

"కాకా, మా మామ పోయిండు," అంది.

ఎప్పుడు, ఎట్లా అని అడగాలి. నేను అడిగింది వేరే. "చివరిదాంక నోట్ల పండ్లు ఉన్నయా బిడ్డా?" అన్నాను.

నోరు జారిన తర్వాత నాకే సిగ్గేసింది. చావు కబురు చెప్పిన మనిషిని అడిగే మాట కాదది. కానీ ఆమె తప్పు పట్టలేదు. ఏడుస్తూనే కొంచెం నవ్వింది.

"ఉన్నయి కాకా. దవాఖానల మంచం రాడుకు పండ్లు ఆనిచ్చి పండుకునేటోడు. 'మూడో మంచమాయన లేసిండు, నర్సమ్మ వస్తుంది, కుడికాలు జర ఈడుస్తుంది' అని మాకు చెప్పెటోడు. గా నర్సమ్మ పరేషాన్. ఈ ముసలాయనకు చెవుడు అని రాసిండ్రు, మరి నా కాలు సంగతి ఈయనకెట్ల ఎర్కైంది అని."

ఆదిలాబాద్‌లో ఎవరూ ఆయన్ని పేరుతో పిలవగా నేను వినలేదు. అందరికీ మిస్త్రీయే. నేనూ అట్లాగే రాస్తాను.

ఆయన పని విరిగిన బోల్టులు తీయడం. కార్లు బాగుచేసేవాళ్లు ఊరినిండా ఉన్నారు. వాళ్లంతా చేతులెత్తేసినది ఆయన దగ్గరికి వచ్చేది. ఇంజను మీద బోల్టు విరిగితే తల తెగి మన చేతిలోకి వస్తుంది, మొండెం లోపలే ఉండిపోతుంది. పానా పెట్టి పట్టుకోవడానికి ఏమీ మిగలదు. దాని చుట్టూ ఉన్న గుంత చెడిపోకుండా, ఇంజను పగలకుండా ఆ మొండేన్ని బయటికి తేవాలి. ఆ ఒక్క పనికి మహారాష్ట్ర వైపు నుంచి కూడా బండ్లను తాడు కట్టి లాక్కొచ్చేవారు. పత్తి మిల్లుల రోడ్డు మీద, రేకుల షెడ్డు. ముందర ఒక వేపచెట్టయినా లేదు. ఎండ నేరుగా వచ్చి బండ్ల మీద కూర్చునేది.

అంతకుముందు ముప్పై ఏళ్లు జిన్నింగు మిల్లులో పత్తి గింజలు తీసే మిషన్ల దగ్గర పనిచేశాడట. ఆ మోత ఆయన చెవులు తినేసింది. నేను మొదటిసారి చూసేనాటికి పెద్దగా అరిస్తే సగం వినబడేది. ఆ తర్వాత అదీ పోయింది. మరి చెవులు లేని మనిషి ఇంజను పని ఎట్లా చేస్తాడు? మిస్త్రీలు ఇంజను లోపలి చప్పుడు వినడానికి పెద్ద స్క్రూడ్రైవరు చెవికి ఆనించుకోవడం నేను చూశాను. ఈయన పళ్లకు ఆనించుకునేవాడు.

కట్టె పిడి ఉన్న పొడుగాటి స్క్రూడ్రైవరు. దాని మొన విరిగిన బోల్టు మీద పెట్టి, పిడిని వెనకపళ్ల మధ్య పట్టుకొని, కళ్లు మూసుకొని, చిన్న సుత్తితో పక్కన టిక్కు టిక్కుమని కొట్టేవాడు. కొడుతూ దవడ అటూ ఇటూ కదిపేవాడు, చెరుకు నమలబోయేవాడిలాగా. నోట్లో పిడి ఉండగానే బోల్టుతో మాట్లాడేవాడు. "ఎన్నేండ్ల సంది కూసున్నవు? ఎవడు పెట్టిండు నిన్ను?" ఆ పిడి మీద పళ్ల గుంటలు లోతుగా పడి ఉండేవి. పాతది అరిగిపోతే కొత్త పిడి తనే చెక్కుకునేవాడు. ఇంకొకరిని ముట్టనిచ్చేవాడు కాదు.

ఏం వినబడుతుందని అడిగితే నాకు ఓపికగా చెప్పాడు. "తుప్పు పట్టిందనుకో భావూ, ముద్ద ముద్దగ చెప్తది, నోట్లె మన్ను పోసుకున్నోని లెక్క. పట్టు లేదనుకో, పలుచగ చెప్తది." అక్కడ మరాఠీ మాటలు కలుస్తాయి. వచ్చినవాళ్లందరినీ ఆయన అన్నా అన్నట్టు భావూ అనే పిలిచేవాడు.

నేనూ కొరికి చూశాను, ఇంకో స్క్రూడ్రైవరు. కిరసనాయిలు రుచి తప్ప ఏమీ తెలియలేదు.

"హళూ, హళూ," అని నవ్వాడు, మెల్లగా అని. "అంత గట్టిగ కొరికితే ఇనుము ఏం మాట్లాడ్తది? నీ దవుడనే మాట్లాడ్తది."

పొద్దుగూకే వేళ షెడ్డులో రేడియో పెట్టేవారు. దాని డబ్బాకు స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడి పళ్ల మధ్య పెట్టుకొని, అరగంట కదలకుండా కూర్చునేవాడు. కోడలు, స్పేరు సామాన్లు అమ్మేది, నాతో అంది, "మా మామ పాటలు వినడు కాకా, తింటడు." ఆమే ఇంకోటి చెప్పింది. ఒకసారి వేములవాడకు తీసుకుపోతే దర్శనం లైనులో ఇనుప కమ్మీలకు పళ్లు ఆనించి నిలబడ్డాడట. ముందు వాళ్లు కదిలితే ఆ అదురు కమ్మీలో వస్తుందట. "మామ చెయ్యి ఎత్తిండంటే ముందటోళ్లు జరుగుతుండ్రన్నట్టు. మేము పిల్లల్ని ఎత్తుకునేటోళ్లం. ఎనుకున్నోళ్లు మాత్రం, గీ పెద్దమనిషికి ఏమైంది, కమ్మీలు కొరుకుతుండు అని దూరం జరిగిండ్రు."

మంచివాడు అని చెప్పడానికి నేనిది రాయడం లేదు. కోపిష్టి. చేతిలో ఉన్నది విసిరేవాడు. ఇంకో మిస్త్రీ చెడగొట్టిన పని వస్తే, ఆ మిస్త్రీని, వాడికి పని నేర్పినవాడిని, ఆ నేర్పినవాడిని కన్నవాళ్లను కూడా వదిలేవాడు కాదు. తన గొంతు తనకు వినబడదు కాబట్టి ఆ తిట్లు రోడ్డు దాటి మిల్లు గేటు దాకా పోయేవి.

ఆ షెడ్డులో గోడకు ఒక రేకు బోర్డు ఉండేది. నల్లరంగు మీద తెల్లటి అక్షరాలతో రెండే లైన్లు. పై లైనులో "బిగిస్తుంటే విరిగింది" అని, కింది లైనులో "విప్పుతుంటే విరిగింది" అని. పని చెప్పడానికి వచ్చినవాడు రెండిట్లో తనదేదో దాని మీద చెయ్యి పెట్టాలి. ఇంకేమీ చెప్పనక్కర్లేదు, చెప్పినా ఆయన వినడు. ఎందుకంటే బోల్టు విరగ్గొట్టినవాడు ఎప్పుడూ పెద్ద కథ చెప్తాడు, తన చెయ్యి తగలలేదన్నట్టు. ఆయనకు కథ వద్దు, ఆ ఒక్క ముక్క చాలు. బిగిస్తుంటే విరిగినదైతే లోపలి ముక్క శుభ్రంగా ఉంటుంది, పట్టు ఉండదు, సూదిలాంటి ఉలితో మెల్లగా తోస్తే తిరిగి వచ్చేస్తుంది. విప్పుతుంటే విరిగిందంటే తుప్పు దాన్ని కదలనివ్వలేదని అర్థం. దానికి మంట పెట్టాలి, మరల సందుల్లోకి దిగేటట్టు మైనం పోయాలి, గంటలు పడుతుంది. మందు ఏదో తేల్చేది ఆ బోర్డే.

ఇదంతా ఇప్పుడు రాస్తున్నాను. ఏడేళ్ల కింద ఆ బోర్డు ముందు నిలబడ్డప్పుడు నాకు అవి రెండు తెల్లటి గీతలు.

దుబాయి నుంచి వచ్చినాయన్ని పెట్టెలతో సహా ఆదిలాబాద్ అవతల ఒక ఊర్లో దింపి, కరీంనగర్‌కు తిరిగి వస్తున్నాను. ఇంజను హెడ్డు మీద నీళ్ల పైపు మూతి దగ్గర కారుతూ ఉంది. నేనే రోడ్డు పక్కన ఆపి, కొత్త ప్యాకింగు వేసి బోల్టు బిగించాను. నా చేతి బలం మీద నాకు గొప్ప ఎక్కువ. చాలదన్నట్టు పానాకు ఇనుప గొట్టం తొడిగి ఇంకొక్కసారి లాగాను. టక్కుమంది. బోల్టు తల నా చేతిలోకి వచ్చింది. ఒక పత్తి వ్యానువాడు దయతలచి తాడు కట్టి ఆయన షెడ్డు దాకా లాక్కొచ్చాడు.

మిస్త్రీ బానెట్టు ఎత్తి, గుడ్డతో తుడిచి చూశాడు. నా మొహం చూశాడు. వేలితో బోర్డు చూపించాడు.

షెడ్డులో ఇంకా ఇద్దరు జీపు డ్రైవర్లు కూర్చొని ఉన్నారు. ఇద్దరూ నావైపే చూస్తున్నారు.

చదువు రానివాడికి రాదని తెలియకుండా బతకడం ఒక పెద్ద పని. నేను అందులో ఆరితేరాను. మా మెథడిస్టు గుడిలో కీర్తనల పుస్తకం తెరిచి పట్టుకొని, పక్కవాడు పేజీ తిప్పితే నేనూ తిప్పేవాణ్ణి. బ్యాంకులో కళ్లజోడు మరిచానని చెప్పేవాణ్ణి. అక్కడ కూడా ఒక ఉపాయం తోచింది. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాను. చదివేవాడు ఎంతసేపు చూస్తాడో అంతసేపు చూశాను. బోర్డు మీద నూనె చేతుల మరకలు ఉన్నాయి. పై లైను మీద కొన్ని. కింది లైను మీద నల్లగా, తెల్లరంగు కనబడనన్ని. ఎక్కువమంది చెయ్యి పెట్టిన చోటే మంచిది అనుకున్నాను. కింది లైను మీద చెయ్యి పెట్టాను.

"విప్పుతుంటేనా," అన్నాడాయన గట్టిగా. "అయితే పట్టుకున్నది."

ఆ మాటతో నాకు అర్థమైంది, బోర్డు అడిగింది ఏమిటో, నేను చెప్పింది ఏమిటో. అప్పుడే చెప్పి ఉండాల్సింది.

ఆయన స్క్రూడ్రైవరు పళ్ల మధ్య పెట్టుకొని టిక్కు టిక్కుమని కొట్టాడు. ఆగాడు. మళ్లీ కొట్టాడు. పిడి బయటికి తీసి చెంప మీద చెయ్యి పెట్టుకున్నాడు. వారం కింద ఆయనకు ఒక దవడ పన్ను పీకారట. ఆ ఖాళీని నాలుకతో తడుముకుంటూ నావైపు తిరిగాడు.

"వింతగున్నది భావూ. తుప్పు పట్టినట్టు చెప్తలేదు. పలుచగ చెప్తుంది. పన్ను పీకిచ్చిన సంది మాట మారిందో ఏమో." బోర్డు కింది లైను మీద వేలు పెట్టాడు. "గిదేనా? మంచిగ చూసి చెప్పు. గిది అల్యూమినియం హెడ్డు. ఇనుమైతే కాలితే ఎర్రబడ్తది, చాలు అని మనకు చెప్తది. గిది చెప్పది. చెప్పకుంటనే పల్గుతది. పల్గితే నీ బండి షెడ్డుల పండుడే."

ఆ బండే నా ఇల్లు నడిపేది. అది తెలుసు. నిజం చెప్తే బండి దక్కుతుంది. అదీ తెలుసు. పొరపాటున చెయ్యి పెట్టిన అంటే సరిపోయేది కదా అని ఇప్పుడు మీరనుకుంటారు, నేనూ అనుకుంటాను. కానీ ఆ ఘడియలో నాకు ఒకటే భయం. పొరపాటు అంటే, మళ్లీ చదివి చెప్పు అంటాడు. అప్పుడు ఆ ఇద్దరు డ్రైవర్ల ముందు ఏం చదవాలి? యాభై ఏడేళ్ల మనిషిని, తెల్ల అంగీ వేసుకున్నవాణ్ణి, జేబులో పెన్ను పెట్టుకు తిరిగేవాణ్ణి.

తల ఊపాను. అవును, అదే అని.

ఆయన తన పళ్లను పక్కన పెట్టి నా తలకాయను నమ్మాడు.

గ్యాసు మంట పెట్టాడు. మైనం ముక్క ఆనించాడు. పళ్లతో విన్నాడు. అదే పలుచటి చప్పుడు వచ్చి ఉంటుంది, ఎందుకంటే లోపల తుప్పు ఉంటే కదా మారడానికి. ఆయన పన్ను లేని చోటు తడుముకున్నాడు. మళ్లీ మంట పెట్టాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నా నోటిలోనూ పళ్లున్నాయి, నాలుక ఉంది.

ఈసారి స్క్రూడ్రైవరు నోట్లో పెట్టుకున్నాడో లేదో, మంట కొరికినవాడిలాగా తీసేశాడు. నాకేమీ వినబడలేదు. ఆయనకు వినబడింది. బోల్టు చుట్టూ చెవిలా పొడుచుకొచ్చిన అల్యూమినియం అంచు నిలువునా పగిలి, ఒక ముక్క రాలిపోయింది. లోపలి బోల్టు ముక్కను ఆయన గోటితో తీశాడు. ఎంత సులువుగా వచ్చిందంటే, తీస్తున్నప్పుడు ఆయన వేళ్లు తడబడ్డాయి. దాని మరలు కొత్తవాటిలాగా మెరుస్తున్నాయి.

ఆ మెరుపును బొటనవేలితో చాలాసేపు రుద్దాడు.

"మొదటి మంటకే వదిలినట్టుంది," అన్నాడు. ఆయన అంత మెల్లగా మాట్లాడగా అదొక్కసారే విన్నాను. "నాకు తెలువలే. రెండోది ఉత్తగనే పెట్టిన."

జీపు డ్రైవర్లు లేచిపోయారు.

రెండు రోజులు అక్కడే ఉన్నాను. పక్క వీధిలో అల్యూమినియం అతికేవాడితో పగులు నింపించి, ఆకురాయితో అరగదీసి, కొత్తగా మరలు కోశాడు. ఆ రెండు రోజులూ నాకు జొన్నరొట్టె, పచ్చిమిర్చి తొక్కు తనే తెచ్చి పెట్టాడు. నేను పైన రాసినవన్నీ, రేడియో పాటలు తినడం, నాకు కొరకడం నేర్పడం, ఆ రెండు రోజుల్లో చూసినవే. పెట్టింది తింటూ, అడిగింది చెప్పించుకుంటూ కూర్చున్నాను. షెడ్డుకు వచ్చిన ప్రతి మనిషికీ ఆయన నా బండి చూపించి చెప్పేవాడు, "గీ హెడ్డు నేనే పలగ్గొట్టిన." ఎవరూ అడగకపోయినా చెప్పేవాడు. పని తప్పిన మిస్త్రీలను తిట్టిన నోటితోనే తనను తిట్టుకునేవాడు. బయలుదేరేటప్పుడు నా దగ్గర ఏమీ తీసుకోలేదు. నా చేతి తప్పు అన్నాడు. నేను సరే అన్నాను. ఆ సరే అన్న మాట కూడా రాసుకోవాలి.

ఊరికి వచ్చాక మా పాస్టరమ్మ దగ్గరికి పోయాను. అక్షరాలు నేర్పమన్నాను. ఆమె సంతోషపడింది. "బైబిలు చదువుకుంటరా అన్నా?" అంది.

"గదంత పెద్దది నాతోని కాదమ్మా. ఒక రేకు బోర్డు చదవాలె," అన్నాను.

పద్నాలుగు నెలలు పట్టింది. గుణింతాల దగ్గర రెండుసార్లు మానేశాను. మా ఆవిడ నవ్వింది, పాస్టరమ్మ నవ్వలేదు. మొదట సోడా బండి మీది పేరు చదివాను. తర్వాత బస్సుల మీద ఊర్లు. ఇన్నేళ్లూ రంగు చూసి, డ్రైవరు మొహం చూసి గుర్తుపట్టిన బస్సులే. అక్షరాలు వచ్చాక బోర్డు సంగతి మెల్లగా మరుగున పడింది. ఆదిలాబాద్ కిరాయి వస్తే ఇంకొకరికి అప్పజెప్పేవాణ్ణి. అది మరుపు కాదని మీకు చెప్పనక్కర్లేదు.

మొదటిసారి పోయిన నాలుగేళ్లకు ఒక పెళ్లివారిని తీసుకొని తప్పక పోవలసి వచ్చింది. వాళ్లను దింపి, మిల్లుల రోడ్డు పట్టాను.

ఆయనకు చెవులు పూర్తిగా పోయాయి. కోడలు పలక మీద రాసి చూపిస్తూ ఉంది. నన్ను గుర్తుపట్టలేదు గానీ, ఇంకా తిరుగుతున్న ఇంజను మీద అరచెయ్యి పెట్టి, జ్వరం చూసినట్టు చూసి, చటుక్కున తలెత్తాడు.

"కరీంనగర్ భావూ! హెడ్డు మంచిగున్నదా? మళ్ల కారిందా?"

లేదని చెయ్యి ఊపాను. బానెట్టు ఎత్తి అతికిన చోటు వేలితో తడిమి చూసుకున్నాడు. తృప్తి పడలేదు. తనది కాని పనిని చూసినట్టు చూశాడు.

అప్పుడే ఒకాయన ఎర్రకారును ట్రాలీ ఆటో వెనక కట్టించుకొని వచ్చాడు. కూరగాయల వ్యాపారమట, వెనక సీట్లో టమాటా పెట్టెలు ఉన్నాయి. బోర్డు మీద కింది లైను మీద చెయ్యి పెట్టాడు. మిస్త్రీ వంగి చూశాడు, అల్యూమినియం అని చూడగానే లేచి చేతులు తుడుచుకున్నాడు.

"నాతోని కాదు. హైదరాబాద్ తీస్కపో."

"హైదరాబాద్‌ల కొత్త హెడ్డే పెట్టాలంటుండ్రు మిస్త్రీ. నీ దగ్గరికే పొమ్మని అందరు చెప్పిండ్రు," అని అతను చేతులు పట్టుకున్నాడు. కోడలు పలక మీద ఏదో రాసింది. ఆయన చదవను కూడా చదవలేదు.

"కాదన్న గదా! ఇనుపది తే, తీస్త. గిది ముట్ట," అని అరిచాడు. ఆ మనిషి తల దించుకొని మళ్లీ తాడు కట్టించుకున్నాడు. కోడలు అతని నంబరు రాసుకుంది, మామ మనసు మారితే చెప్తానని.

ఎర్రకారు పోయాక ఆమె నాతో అంది, "నీ బండి తర్వాత గంతే కాకా. అల్యూమినియం ముట్టడు. నా పండ్లు అబద్ధం చెప్తున్నయి, వాటిని నమ్మి ఇంకొకని కడుపు మీద కొట్ట అంటడు. ఇనుప బండ్లు ఎన్ని వస్తున్నయి ఇప్పుడు? అన్ని అల్యూమినియం హెడ్లే. రోజంత రేడియో కొరుక్కుంట కూసుంటుండు."

మిస్త్రీ షెడ్డు ముందు, రేకుల చూరు కింద, పాత డ్రమ్ము మీద కూర్చొని ఉన్నాడు. చేతులు మోకాళ్ల మీద ఖాళీగా ఉన్నాయి. ఆ చేతులు ఖాళీగా ఉండగా నేను మొదటిసారి చూశాను.

పలక అడిగి తీసుకున్నాను. ఆయన పక్కన కూర్చొని రాయడం మొదలుపెట్టాను. నా రాత నిదానం, ఇప్పటికీ అంతే. ఒక్కో అక్షరం పడుతుంటే ఆయన వంగి చూస్తున్నాడు. ఒక పదం పూర్తయ్యేసరికి ఆయన నాకంటే ముందే దాన్ని చదివేసి, తర్వాతి దానికోసం నా వేళ్లవైపు చూసేవాడు. పలక చిన్నది. నిండగానే తుడిచి మళ్లీ రాశాను.

"ఆ రోజు బోల్టు బిగిస్తుంటే విరిగింది" అని రాశాను.

"నాకు అప్పుడు చదువు రాదు. మరకలు చూసి చెయ్యి పెట్టిన" అని రాశాను.

"నువ్వు మళ్ల అడిగినప్పుడు నాకు తెలుసు. సిగ్గుతో తల ఊపిన" అని రాశాను. ఇది రాసేటప్పుడు బలపం విరిగింది.

చివరిది, "నీ పండ్లు నిజమే చెప్పినయి."

ఆయన ఆ చివరి మాటను తుడవనివ్వలేదు. పలక నా చేతిలోంచి లాక్కొని ఎండలోకి తీసుకుపోయి చదివాడు. చదువుతూ నాలుకతో పన్ను లేని ఖాళీని తడుముకున్నాడు. కన్నీళ్లు పెట్టుకుంటాడని, నన్ను కౌగిలించుకుంటాడని అనుకున్నానేమో, నాకు తెలియదు. పలక నా కాళ్ల దగ్గర విసిరికొట్టాడు.

"నాలుగేండ్లు!" అని అరిచాడు. మిల్లు గేటు దగ్గర కాపలావాడు తొంగి చూశాడు. "నాలుగేండ్లు నా నోరును నేను నమ్మలేదు గదరా! ఎంతమందిని వాపసు తోలిన! పల్గిన హెడ్డు నీది కాదురా, నాది! నాది పలగ్గొట్టినవు!" అప్పటిదాకా భావూ అన్న మనిషి నన్ను రా అన్నాడు. ఇంకా చాలా అన్నాడు. అవి రాయను. ఒక్కటీ అబద్ధం కాదు.

అరుస్తూ అరుస్తూ ఆగి, కోడలివైపు తిరిగాడు. "గా టమాటలాయన ఎటు పోయిండు?"

ఆమె అప్పటికే ఫోను చెవికి పెట్టుకొని ఉంది. ఆటో అతను చాయ తాగడానికి బైపాసు దగ్గర ఆపాడట. వెనక్కి తిప్పమంది.

నేను లేవబోతే మిస్త్రీ నా వైపు వేలు చూపాడు. "నువ్వు లోపలికి రాకు. గాడనే ఉండు. నాకు కనబడకు." షెడ్డు బయట, ఎండలో, నా బండి పక్కన నిలబడ్డాను. టమాటలాయన వచ్చాడు. ఏమైందో అతనికి అర్థం కాలేదు, అడగలేదు. మిస్త్రీ అతని మణికట్టు పట్టుకొని, "ఎట్ల తిప్పినవో చెయ్యితోని చూపియ్యి," అన్నాడు. అతను గాలిలో తిప్పి చూపించాడు. విప్పే వైపే. అప్పుడు స్క్రూడ్రైవరు తీశాడు. పిడిని అంగీకి తుడుచుకున్నాడు. పళ్ల మధ్య పెట్టుకునే ముందు కొంచెం ఆగాడు. ఆ ఆగడం నేను బయటినుంచి చూశాను.

గంటన్నర పట్టింది. మంట పెట్టడం, మైనం, పళ్లతో వినడం, మళ్లీ మంట. ప్రతిసారీ ఆయన దవడ అటూ ఇటూ కదిలేది. ఒకసారి మంటకోసం చెయ్యి చాపి, చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వద్దని పళ్లు చెప్పినట్టున్నాయి. ఆ తర్వాత బోల్టు ముక్కకు ఒక పాత నట్టు అతికించి, పానా పెట్టి, పసిపిల్లను మంచం మీది నుంచి దించినంత మెల్లగా తిప్పాడు. తెల్లటి పొడి రాలుతూ, కిర్రుమంటూ వచ్చింది. కిర్రుమన్నది నాకు బయటికి వినబడింది. ఆయనకు ఎట్లా వినబడిందో నాకు ఇప్పటికీ తెలియదు. కళ్లు మూసుకొనే ఉన్నాడు.

టమాటలాయన హెడ్డు చుట్టూ వేలితో తడిమి చూసి, "ఏం కాలే మిస్త్రీ, గీత పడలే," అని గంతేశాడు.

మిస్త్రీ కిరసనాయిలుతో చేతులు కడుక్కొని బయటికి వచ్చాడు. కనబడకు అన్న మనిషి నా ముందుకే వచ్చి నిలబడ్డాడు. కోపం తగ్గలేదు. కింద పడ్డ పలక మూలకు పగిలి ఉంది. దాన్ని తీసి, నా రాత మీద వేలు పెట్టాడు.

"గిది నేర్వనీకి ఎన్ని దినాలు పట్టింది నీకు?"

పది వేళ్లు చూపించాను. తర్వాత నాలుగు. నెలలు అని పలక మీద రాసి చూపించాను.

ఆయన ఆ పలకను చూశాడు, షెడ్డు గోడ మీది బోర్డును చూశాడు, నన్ను చూశాడు.

"నా బోర్డు మీద ఉన్నయి రెండే లైన్లు," అన్నాడు. "అడిగితే నిమిషంల చెప్పెటోణ్ణి గదా."

అని, ఇంకో బండి వచ్చి ఆగితే దానివైపు పోయాడు.